రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య

లిఫ్టు ఆగిపోయింది. మర్యాదగా ఏ అంతస్తు దగ్గరో ఆగి, తలుపు తీసి దారిచ్చే ఆగడం కాదు. మూడో అంతస్తు వదిలి రెండో అంతస్తుకి ఇంకా చేరకుండానే ఒకసారి ఎగిరిపడి, ఒకసారి మూలిగి, ఇక నావల్ల కాదన్నట్టు చతికిలబడిపోయింది. లోపల ఆమె ఒక్కతే, చేతిలో ఖాళీ ఫ్లాస్కు. కిందికెళ్ళి మిషన్ దగ్గర ఇంత టీ పట్టుకొచ్చుకుని నాలుగింటిదాకా తెర ముందు దర్జాగా కూర్చుందామనుకుంది. ఒకటి నొక్కింది, రెండు నొక్కింది, తలుపు తీసే మీట నొక్కింది, తలుపు మూసే మీట కూడా నొక్కింది, అన్నిటినీ కలిపి హార్మోనియం వాయించినట్టు వాయించేసింది. ఊహూఁ, ఉలుకూ లేదు పలుకూ లేదు. దీపం వెలుగుతోంది, పైన చిన్న ఫ్యాను తిరుగుతోంది, అదే పదివేలు. ఫోన్‌లో సిగ్నల్ చుక్క కూడా లేదు, ఇనప్పెట్టెలో ఎలా ఉంటుంది. ఇప్పుడు భయం వెయ్యాలి కదా, వెయ్యలేదు, ఫక్కున నవ్వొచ్చింది. ఎందుకంటే ఇది బిస్కెట్ల కంపెనీ కాదు, బట్టల మిల్లు కాదు, ఊళ్ళో సగం లిఫ్టుల ఆలనాపాలనా చూసే కంపెనీ. లిఫ్టులు బాగుచేసే కంపెనీ లిఫ్టులో, అందులోనూ ఆదివారం పూట, అందులోనూ ఈ గంటలో, అందులోనూ తను.

ఆఫీసులో ఆమెని ఉత్తరాలమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు, ఆమె కూడా పలుకుతోంది. మూడో అంతస్తు చివరి గదిలో, ఏసీ చలికి ఏడాది పొడవునా స్వెట్టరేసుకుని, ఈ కంపెనీలో ఎవరు ఎవరికి ఏ మెయిల్ పంపినా, ఏ మెసేజ్ పెట్టినా దాని గుండానే పోయే ఒక పాత మిషన్‌ని కనిపెట్టుకుని ఉండడం ఆమె ఉద్యోగం. పాపం దానికీ వయసైపోయింది, వేసవి వస్తే ఆయాసం. అందుకని అందరి ఖాతాలూ, పాత మెయిళ్ళూ, మెసేజ్‌లూ, ఫోటోలూ, సర్వం క్లౌడ్‌లోకి మార్చేస్తున్నారు. అంటే ఎక్కడో ఎవరిదో పెద్ద గోడౌన్‌లో గది అద్దెకి తీసుకుని మన సామానంతా అక్కడ పెట్టుకోవడమన్న మాట. నెల రోజులుగా కాస్త కాస్త చేరవేస్తూనే ఉంది, ఇవాళ ఆఖరి దఫా. మధ్యాహ్నం మూడింటికి పాతది మూసేసింది, నాలుగింటికి కొత్తది దానంతటదే తెరుచుకుంటుంది. మధ్యలో ఈ గంటసేపూ కంపెనీ మొత్తానికి నోరూ చెవీ లేనట్టే. ఆ సంగతి మేనేజరు గారికి చెప్పినప్పుడు ఆయన, అబ్బా, ఇంకో గంట పెంచకూడదా అమ్మా అన్నారు, ఆశగా.

గంట బొమ్మ ఉన్న పసుపుపచ్చ మీట ఉంది కదా, అన్నిటికన్నా కింద. ఇరుక్కున్నవాళ్ళు అది నొక్కితే, ఫలానా బిల్డింగు లిఫ్టులో మనిషి ఉన్నారు అని కంపెనీకి మెసేజ్ వెళ్తుంది, కింద డ్యూటీ టేబుల్ మీద తెర కీచుమంటుంది, మెకానిక్ బండెక్కుతాడు. ఈ ఒక్క గంటకీ మెసేజ్‌లు అందవు కాబట్టి అన్ని బిల్డింగుల వాచ్‌మన్లకీ చెప్పి ఉంచారు, ఎవరైనా ఇరుక్కుంటే ఫోన్ చెయ్యండి, నాలుగు దాటితే అక్కర్లేదు అని. అందరికీ చెప్పారు, తమ బిల్డింగుకి తప్ప. ఊరందరి లిఫ్టుల గురించీ బెంగపెట్టుకునేవాళ్ళకి తమది కూడా లిఫ్టేనని ఒక్కరికీ తట్టలేదు. వాచ్‌మన్‌కి ఇవాళ సెలవు కూడాను. సరే, నొక్కింది. గంట మోగలేదు. ఎందుకు మోగుతుంది, కొత్తగా చేరిన మెకానిక్కులందరూ ఈ లిఫ్టు మీదే చెయ్యి తిప్పుకుంటూ పొద్దస్తమానం మోగిస్తుంటే, చెవులు చిల్లులు పడుతున్నాయని అకౌంట్స్ వాళ్ళు గోలపెట్టి దాని వైరు పీకించేశారుగా. పోనీ, గంట మోగకపోతేనేం, మెసేజ్ వెళ్తుంది. వెళ్ళి, కొత్తింటి గడప బయట చేతులు కట్టుకుని నిలబడుతుంది. నాలుగింటికి తలుపు తెరవగానే అందరికన్నా ముందు అదే లోపలికొస్తుంది. కింద తెర కీచుమంటుంది. అక్కడ కూర్చున్న బావ ఉలిక్కిపడి చూస్తాడు. అబ్బ, ఆ ముఖం చూడాలి. ఆ ముఖం కోసం గంటేమిటి, రెండు గంటలైనా కూర్చోవచ్చు, అనుకుని స్వెట్టరు విప్పి నేల మీద పరుచుకుని నిజంగానే కూర్చుంది.

బావ అంటే ఏదో వరసకి బావ కాదు, సొంత అక్క మొగుడు, ఈ కంపెనీలో చీఫ్ మెకానిక్. ఆఫీసులో ఆమె ఆయన్ని చీఫ్ గారూ అనాలి, ఆయన ఆమెని మేడమ్ అనాలి. ఇంటికెళ్తే బావా నువ్వు, ఏమే మరదలా. కింద వాటాలో వాళ్ళు, పై వాటాలో వీళ్ళు. వారం రోజులుగా మాత్రం అక్కడా లేదు ఇక్కడా లేదు, మాటలు బంద్. దీనంతటికీ మూలం ఆ మీటింగు. అందరూ సరేనన్నాక, మేనేజరు గారు ఫైలు మూసేశాక, బావ చెయ్యెత్తాడు. మబ్బులో పెడతారట, బాగానే ఉంది, మరి మనిషి లోపల ఇరుక్కుని గంట కొడితే మీ మబ్బు వచ్చి తలుపు తీస్తుందా మేడమ్, అన్నాడు. ఒక్క గంట కూడా పోదు చీఫ్ గారూ, ఒక్కటి పోయినా నన్ను అడగండి, అంది. అంతటితో ఆగితే బాగుండేది. ఆయన ఆగలేదు, పైన కూర్చునేవాళ్ళకి లిఫ్టు ఎక్కడమే తెలుసు, ఇరుక్కుంటే ఎలా ఉంటుందో తెలియదు, అన్నాడు. ఆమె అసలే ఆగలేదు, మెయిల్ పంపాలంటే పక్క కుర్చీ వాళ్ళని బతిమాలుకునేవాళ్ళు కూడా సలహాలిచ్చేస్తే ఎలాగండీ, అంది. గదిలో అందరూ గొల్లుమన్నారు. బావ కూడా నవ్వాడు కానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు, చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎర్రటి చెవులు ఆమెకి ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి. అనాల్సింది కాదు. నలుగురిలో అసలే అనాల్సింది కాదు.

ఆ సాయంత్రం నుంచి అక్కకి డ్యూటీ పడింది. ముగ్గురూ ఒకే వాకిట్లో నిలబడి ఉంటారు, మధ్యలో ఒక్క బారెడు దూరం. అక్కా, ఆ స్కూటరు కాస్త అడ్డం తియ్యమను. వినపడింది కదండీ, తీస్తారా? తీస్తున్నానని చెప్పు. తీస్తున్నారటే. అక్క వాళ్ళిద్దరికీ సర్వరైపోయింది, అటు మెసేజ్ ఇటూ, ఇటు మెసేజ్ అటూ. మూడోరోజుకి విసుగొచ్చి, ఇద్దరూ కలిసి నాకు జీతమివ్వండి, లేదా నోళ్ళు తెరిచి ఏడవండి, అని వంటింట్లోకి పోయింది. అక్క మోసే మెసేజుల్లో కొన్ని దారిలో మెత్తబడేవి కూడా. ఆవిణ్ణి పొద్దున్నే వెళ్ళమను, ఎండ ఎక్కువగా ఉంటుంది, అన్నారటే అని చెప్పేది. బావ ఎండ మాట ఎత్తి ఉండడని ఆమెకి తెలుసు. అయినా అది విన్నప్పుడు హాయిగానే ఉండేది, ఎందుకు అబద్ధమాడాలి.

ఈల వినిపించింది. బావ ఈలే, పాటా కాదు రాగమూ కాదు, బోల్టు బిగిస్తున్నప్పుడు నోట్లోంచి దానంతటదే వచ్చే ఈల. మెట్ల మీద చెప్పుల చప్పుడు, తాళాల గుత్తి గలగల. పైకొస్తున్నాడు, దేనికో. రెండో అంతస్తు వసారాలో ఆగాడు, తలుపుకి అటుపక్క, ఆమె కాళ్ళ కిందే అన్నంత దగ్గరగా. ఒక్క కేక వేస్తే అయిపోయేది. నోరు తెరిచింది కూడా. మళ్ళీ మూసేసింది. కేకేసి బయటపడితే అదేం గెలుపు? మీ మబ్బు రాలేదు, నా చెవే విన్నది అంటాడు, మేనేజరు గారి దగ్గర అంటాడు, ఇంట్లో అంటాడు, ముసలాయనయ్యాక మనవల దగ్గర కూడా అంటాడు. వద్దు. మెసేజ్ వచ్చి, అది చూసి, దానికోసం మెట్లెక్కి రావాలి ఈయన. ఊపిరి బిగబట్టి కూర్చుంది. లోపల నవ్వు పొంగుకొస్తుంటే ఫ్లాస్కు మూత పళ్ళతో కరిచిపట్టుకుంది. ఈల కాసేపు అక్కడక్కడే తచ్చాడి కిందికి దిగిపోయింది. దిగిపోయాక మాత్రం ఆ ఇనప్పెట్టె ఉన్నట్టుండి కొంచెం చిన్నదైనట్టనిపించింది.

ఏం పర్లేదు, పైన తన గదిలో తెర మీద పచ్చగీత నిదానంగా కుడివైపుకి జరుగుతూ ఉంటుంది, ఎవరూ చూడకపోయినా జరుగుతుంది. చిన్నప్పుడు అద్దె ఇళ్ళు మారినప్పుడల్లా అమ్మ సామాను మధ్యలో పీట వేసుకుని కూర్చుని ఒక్కొక్కటీ ఎత్తి చూపించేది, ఉంచనా, పారెయ్యనా? అక్క ప్రతిదానికీ ఉంచు అనేది, తను ప్రతిదానికీ పారెయ్యి అనేది. పారెయ్యి అనడంలో ఎంత దర్జా ఉండేదో. ఈ నెలంతా మళ్ళీ అదే సంబరం. మేనేజరు గారి ఖాతాలో ఎన్నో ఏళ్ళ కొత్త సంవత్సరం శుభాకాంక్షలు, ఒక్కటీ చెరపరు, పోనీ చదవరు. స్టోర్ కీపర్ తనకి తనే మెయిళ్ళు పంపుకుంటాడు. ఆమె తెరిచి చూసింది కాదు, అది ఆమె పద్ధతి కాదు. ఆయనే వచ్చి, ఇవి జాగ్రత్తమ్మా అని చూపించాడు. సాయంత్రం పంపుకున్నది: గొడుగు మర్చిపోకు. మర్నాడు పొద్దున పంపుకున్నది: మర్చిపోయావు. అలా ఏళ్ళ తరబడి. భద్రంగా మోసుకెళ్ళింది వాటిని, ఒక్క గొడుగు కూడా పోనివ్వలేదు. ఉద్యోగం మానేసినవాళ్ళవీ, రెండుసార్లు తెరిచినవీ, ఎవరివో తెలియనివీ మాత్రం వరసపెట్టి పారెయ్యి, పారెయ్యి, పారెయ్యి. అవి పారేసిన సాయంత్రం ఎంత హుషారుగా ఉందంటే కాళ్ళు కుర్చీ మీద పెట్టుకుని మరీ కూర్చుంది. ఏళ్ళుగా ఎవరూ లోపలికి రానివి, ఎవరూ అడగనివి, పేరు చూస్తేనే పారెయ్యాలనిపించేవి. పాతస్టాకు. పార్టీ. ట్రయల్.

ట్రయల్.

లేచి నిలబడింది, ఎందుకు లేచిందో తెలియకుండా. గంట మీట నొక్కితే మెసేజ్ పంపే ఆ చిన్న పలకని మొదటిసారి చేసినప్పుడు, పనిచేస్తుందో లేదో చూద్దామని ముందు తమ లిఫ్టులోనే పెట్టి చూశారు. ఈ లిఫ్టులోనే. అప్పుడింకా డ్యూటీ అనే ఖాతా లేదు. ట్రయల్ అని ఒకటి తెరిచి, మెసేజ్‌లు అందులో పడేట్టు చేశారు. అది పనిచేసిందన్న సంతోషంలో మొదటి విడత బిల్డింగులకి కూడా అదే పలక, అదే ట్రయల్. తర్వాత డ్యూటీ వచ్చింది, కొత్త బిల్డింగులన్నీ దానికి. పాతవాటిని ఎవరు కదుపుతారులే అని, ట్రయల్‌లో పడ్డది పడ్డట్టు డ్యూటీకి దొర్లిపోయేలా ఏర్పాటు చేసేశారు. అందుకే అందులోకి ఎవరూ రారు, ఎవరూ అడగరు. అడుగుతారా ఎవరైనా, కాలవ నీళ్ళు పారుతున్నంతసేపూ తూముని? ఆ తూముని పట్టుకుని పారెయ్యి అంది తను, కాళ్ళు కుర్చీ మీద పెట్టుకుని. పాతది మూసేదాకా అదీ నడిచింది, కొత్తింట్లో మాత్రం దానికి చోటే లేదు. ఇందాకటి మెసేజ్ గడప బయట చేతులు కట్టుకుని నిలబడిలేదు. ఆ పేరుగలవాళ్ళు ఇక్కడ లేరు అని ఎప్పుడో వెనక్కి తరిమేసి ఉంటారు. తన కోసం ఎవరూ రారు. సరే, తనెవరు, తను ఇవాళ కాకపోతే సాయంత్రానికైనా కనబడుతుంది. కానీ ఆ మొదటి విడతలో కళ్ళాసుపత్రి ఉంది. కళ్ళకి కట్లు కట్టుకున్నవాళ్ళు లిఫ్టులో ఎక్కి దిగే చోటు. అంతా పెద్దవాళ్ళే ఉండే ఆ అయిదంతస్తుల ఇళ్ళున్నాయి. వాచ్‌మన్లతో నాలుగు దాటితే ఫోన్ అక్కర్లేదని చెప్పింది తనే, స్వయంగా, నవ్వుతూ. నాలుగు దాటాక ఆ పెద్దావిడెవరో చీకట్లో ఆ పసుపుపచ్చ మీట నొక్కుతుంది, మళ్ళీ నొక్కుతుంది, వస్తారు వస్తారు అనుకుంటూ కూర్చుంటుంది. తను కూర్చున్నట్టే. ఫోన్ చూసింది, నాలుగింటికి ఇంకెంతో లేదు.

గెలుపూ లేదు, మనవలూ లేరు, ఏమీ లేదు. ఫ్లాస్కు రెండు చేతులతో పట్టుకుని తలుపుని బాదింది. గుడిగంటల కన్నా గట్టిగా మోగింది. బావా, ఓ బావా! ఆఫీసు కదా, చీఫ్ గారూ అనాలని కూడా తోచలేదు. బాదింది, అరిచింది, ఫ్లాస్కు సొట్టపడింది. ఈల ఎక్కడో ఆగింది. మెట్ల మీద చెప్పులు పరుగందుకున్నాయి.

"ఎవరది లోపల?"

"నేనే బావా! ఇరుక్కుపోయాను."

"ఓర్నీ! ఎంతసేపైందే?"

"చాలాసేపైంది."

"మరి ఇందాక నేను ఇక్కడే ఉన్నాను కదే, పిలవొచ్చుగా?"

"మనకి మాటల్లేవు కదా," అంది. అనేశాక తనకే ఎలాగో అయిపోయింది. అవతల తాళాల గుత్తి గలగలమంది, దగ్గులాగా, నవ్వులాగా ఏదో వినపడింది. తలుపు జానెడు తెరుచుకుంది, మూరెడు తెరుచుకుంది, కింద బావ ముఖం, చెమటతో. కాళ్ళు ముందు పెట్టు, నా భుజం పట్టుకో, నిదానం, అంటూ చిన్నపిల్లని దింపినట్టు దింపాడు. ఇప్పుడంటాడు చెప్పానా అని, అనుకుంది. అననీ, ఎన్నిసార్లయినా అననీ. ఆయన అనలేదు. తలుపు అంచుని వేలితో రుద్దుతూ, దాన్నే చూస్తూ నిలబడ్డాడు, చెవులు మళ్ళీ ఎర్రగా ఉన్నాయి.

"ఈ తలుపు మూసుకుందని లిఫ్టుకి చెప్పే కాంటాక్టు అరిగిపోయిందని నెల నుంచి తెలుసే నాకు," అన్నాడు మెల్లిగా. "మన లిఫ్టే కదా, రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని వదిలేశాను. చీఫ్ మెకానిక్‌ని. ఎవరికీ చెప్పకే తల్లీ."

ఆమెకి ఆయన్ని చూస్తే ఎంత ఇష్టమనిపించిందో చెప్పలేం. "నీది నయం బావా, నాది వింటే తంతావు," అని అక్కడే గబగబా చెప్పేసింది, ట్రయలూ, తూమూ, కళ్ళాసుపత్రీ, అన్నీ, ఒక్కటి దాచకుండా. మీటింగులో నువ్వన్నదే నిజం, నాకు ఇరుక్కోవడం తెలియదు, నిన్ను అందరిలో అలా అనుండాల్సింది కాదు, అని కూడా చెప్పేసింది. ఆయన అంతా విని, "ఇప్పుడు టైమెంత?" అన్నాడు. "పద మరి!" అన్నాడు. ఇద్దరూ మెట్లెక్కారు, లిఫ్టు వైపు చూడకుండా.

గదిలో పచ్చగీత చివరికొచ్చేసింది. పారేసినవాటి గుట్టలోంచి ట్రయల్‌ని వెతికి పైకి తీసింది, దుమ్ము దులిపినట్టు చేతులు కూడా దులుపుకుంది. కొత్తింట్లో దానికో గది చేసింది, అక్కణ్ణుంచి డ్యూటీకి దారి కలిపింది, కలిపింది నిజంగా కలిసిందా అని మళ్ళీ చూసింది. బావ వెనకాల నిలబడి, ఈల కూడా వెయ్యకుండా, ఆమె కుర్చీ వీపుని గట్టిగా పట్టుకున్నాడు. నాలుగైంది. తెర ఒకసారి తెల్లబోయి, మళ్ళీ వెలిగింది. కొత్తింటి తలుపు తెరుచుకుంది. టపటపా మెయిళ్ళు రావడం మొదలైంది, ముందుగా వచ్చింది ఏదో చెప్పుల కంపెనీ ప్రకటన. ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

కానీ ట్రయల్ సంగతి? దారి కలిపింది సరే, మెసేజ్ ఆ దారిన వస్తుందని ఎలా తెలుస్తుంది? వస్తుంది బావా, నాకు తెలుసు వస్తుంది, అంది, గొంతులో మాత్రం అంత ధైర్యం లేదు. బావ తాళాల గుత్తిలోంచి తలుపులు తీసే తాళంచెవి విడదీశాడు. అది ఎవరికీ ఇవ్వడు, భోజనానికి కూర్చున్నా నడుముకే ఉంటుంది. తీసి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"ఆ కాంటాక్టు ఇప్పుడే శుభ్రం చేసి లిఫ్టుని కదిలిస్తాను. నేను ఎక్కి రెండో అంతస్తు దగ్గర ఆపుకుంటాను. నువ్వు కింద డ్యూటీ టేబుల్ దగ్గర కూర్చో. నేను అరవను, తలుపు కొట్టను. మీట మాత్రం నొక్కుతాను. మెసేజ్ వస్తేనే రా."

"రాకపోతే?"

"వస్తుందన్నావుగా," అని వెళ్ళిపోయాడు.

కింద టేబుల్ ముందు కూర్చుంది. ఇందాక లోపల కూర్చున్నప్పుడు ఎంత నవ్వొచ్చిందో, ఇప్పుడు బయట కూర్చుంటే అంత కంగారు. లోపలున్నవాళ్ళకన్నా బయటున్నవాళ్ళకే ఊపిరాడదని ఎవరైనా చెప్పారా? పైన లిఫ్టు కదిలిన చప్పుడు, ఆగిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. అన్నమాట ప్రకారం అరవట్లేదు, కొట్టట్లేదు, ఎంత మొండివాడో. ఇప్పుడు నొక్కి ఉంటాడా? ఇప్పుడు? తెర మీద ఏమీ లేదు. తాళంచెవి అరచేతిలో చెమటకి తడిసిపోయింది. వెళ్ళి తలుపు తీసేద్దామా, ఎందుకొచ్చిన పరీక్ష, అక్క మొగుడు, పాపం, ఫ్యాను తిరుగుతోందో లేదో. లేచింది. మళ్ళీ కూర్చుంది. మెసేజ్ వస్తేనే రమ్మన్నాడు. రా, రా తల్లీ, వచ్చెయ్యి, అంది తెరతో, పైకే అంది.

కీచుమంది.

ఎగిరి గంతేసింది, కుర్చీ వెనక్కి పడింది. ఆఫీసు బిల్డింగు, లిఫ్టులో మనిషి ఉన్నారు. చదివింది, మళ్ళీ చదివింది, కళ్ళు మసకేశాయి. తాళంచెవి గుప్పిట్లో బిగించి మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది, వచ్చింది బావా, వచ్చింది, వచ్చింది అని ఆ ఖాళీ బిల్డింగంతా దద్దరిల్లేలా అరుచుకుంటూ. రెండో అంతస్తు తలుపు ముందు నిలబడితే ఆ తొందరలో తాళంచెవి కన్నంలోకి దూరనంటోంది.

"వచ్చింది బావా!"

"తెలుసు," అన్నాడు లోపల్నుంచి, తాపీగా.

"నీకెలా తెలుసు?"

"నువ్వు వచ్చావుగా."